ఇంటి అవసరాలు పోగా మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇరవైల్లో ఉన్నవాళ్లవి. ఉద్యోగంలో చేరి ఏడాదో, నాలుగేళ్లో అయినవాళ్లు. దాదాపు అందరూ ఏ మ్యూచువల్ ఫండ్ మంచిదని అడిగారు. ఉత్తరం పూర్తిగా చదివితే ఆ జీతం మీద నాన్న అప్పు, చెల్లెలి పెళ్లి, ఊళ్లో ఇంటి స్లాబు కూడా ఆధారపడి ఉన్నాయని తెలుస్తోంది. వాటిని వదిలేసి ఫండ్ పేరు ఒకటి రాసి పంపితే నా జవాబు ఎవరికీ పనికిరాదు. అందుకే ఇంటి సంగతులతో కలిపే రాస్తున్నాను. బ్యాంకులో వ్యవసాయ రుణాల సీట్లో చాలా ఏళ్లు కూర్చుని, మేనేజరుగా రిటైరయ్యాను. లెక్కలు అక్కడ అలవాటైన పద్ధతిలోనే వేస్తాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 24 ఏళ్లు. జనగామ దగ్గర పల్లెటూరు మాది. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి రూ.38,000 వస్తుంది. నాన్న పత్తి వేస్తారు. పంట పోయిన ఏడు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చారు. ఇప్పటిదాకా వడ్డీ మాత్రమే కడుతున్నాం. నా రూమ్మేట్లందరూ నెలకు పది వేలు సిప్ (ప్రతి నెలా ఫండ్‌లో వేసే వాయిదా) కడుతున్నారు. నేను వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— జనగామ పాఠకుడు

జవాబు: బాబూ, మీరు మొదలుపెట్టాల్సింది ఆ అప్పుకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు దగ్గర. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీ ఇంట్లోంచి నెలకు నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు వడ్డీకే పోతోంది. ఏటా 24 శాతం ఖాయంగా ఇచ్చే ఫండ్ ఎక్కడా లేదు. ఆ అప్పులో మీరు తీర్చే ప్రతి వెయ్యికీ ఏడాదికి 240 రూపాయలు మిగులుతాయి, అందులో అనుమానానికి తావు లేదు. ఈ వయసులో మీకు ఇంతకన్నా మంచి మదుపు నేను చూపించలేను.

వడ్డీతో కలిపి నెలకు 15 వేలు కట్టగలిగితే పదహారు నెలల్లో అప్పు తీరుతుంది. 12 వేలే వీలైతే 21 నెలలు పడుతుంది. ఊళ్లో అప్పిచ్చినవాళ్లు అసలును కొంచెం కొంచెంగా తీసుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు, వాళ్లకు వడ్డీ వస్తూ ఉండటమే కావాలి. కనీసం యాభై వేల చొప్పున నాలుగు విడతలకైనా ఒప్పించండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి, తేదీ, ఆయన సంతకం ఉండేలా చూడండి. డబ్బు బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఇంకో రుజువు ఉంటుంది. చివరి విడత కట్టిన రోజునే నోటు చేతికి తీసుకోవాలి.

వచ్చే వానాకాలం విత్తనాలకూ ఎరువులకూ నాన్నగారు మళ్లీ అదే గడప తొక్కకుండా చూడటం ఇంకా ముఖ్యం. ఆయన పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉంటే కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం వస్తుంది. మూడు లక్షల దాకా వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టేస్తే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. ఎంత ఇస్తారన్నది ఎకరాలను బట్టి, పంటను బట్టి ఉంటుంది. పాత బాకీ ఉందని మొహమాటపడి బ్యాంకు గుమ్మం ఎక్కని రైతులను నేను చాలామందిని చూశాను. వాళ్లు 24 శాతానికి బయట తెచ్చుకుంటూనే ఉండేవారు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు, మిగతా శనివారాల్లో ఏదో ఒకరోజు మీరే ఊరికి వెళ్లి నాన్నగారి పక్కన కూర్చుని మాట్లాడండి. చదువుకున్న కొడుకు పక్కన ఉంటే కౌంటరు దగ్గర మాట తీరు మారుతుంది. అలా ఉండకూడదు, కానీ ఉంది.

ఆస్పత్రి సంగతి కూడా చూసుకోండి. పంట వల్ల ఎన్ని అప్పులు పుడతాయో జబ్బుల వల్ల కూడా అన్ని పుడతాయి. ఇంట్లో రేషన్ కార్డు ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా వైద్యం అందుతుంది. లేకపోతే మీ కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మానాన్నల పేర్లు చేర్పించండి.

ఇక సిప్. అప్పు తీరేదాకా నెలకు వెయ్యి చాలు. పెట్టిన డబ్బు ఒక నెల పెరగడం, ఇంకో నెల తగ్గడం చూసి కంగారుపడకుండా ఉండటం ఆ వెయ్యితో అలవాటవుతుంది. మీరు వెనకబడ్డారని కూడా అనుకోవద్దు. జీతం స్లిప్పు తీసి చూడండి. పీఎఫ్ కోత ఉంటే బేసిక్ మీద మీ వాటా 12 శాతం ప్రతి నెలా పడుతోంది, కంపెనీ వాటాలో కొంత పెన్షన్‌కు పోయి మిగతాది దానికి కలుస్తోంది. దాని మీద 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మీ దీర్ఘకాలం మదుపు ఉద్యోగంలో చేరిన నెలలోనే మొదలైంది.

ప్రశ్న: అమ్మా, నాకు 26 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. మొదటి కంపెనీలో నాలుగేళ్లు చేసి, మూడు నెలల కిందట వేరే కంపెనీలో చేరాను. పాత పీఎఫ్‌లో లక్షా ఎనభై వేలు ఉంది. తీసి బంగారం కొనుక్కుంటే పెళ్లికి పనికొస్తుందని అమ్మ అంటోంది. ఫారాలు నింపి తీయించిపెట్టే ఆయన కూడా దొరికాడు. తీయమంటారా?
— గాజువాక పాఠకురాలు

జవాబు: తీయవద్దమ్మా. మీరు ఇప్పుడు ఇంకో కంపెనీలో పీఎఫ్ సభ్యురాలు. ఉద్యోగంలో ఉంటూ పాత ఖాతా మొత్తం ఖాళీ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఉద్యోగం లేదని చూపించి తీయిస్తానని ఆ ఫారాల ఆయన అంటే, ఆ అబద్ధం మీ పేరున నమోదవుతుంది. ఆయనకు మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు) పాస్‌వర్డు, ఓటీపీ ఇవ్వకండి. పీఎఫ్ పోర్టల్‌లో లాగినై పాత ఖాతాను కొత్త కంపెనీ ఖాతాకు బదిలీ చేసుకోండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేసిందో లేదో ముందు చూడండి, బదిలీలు ఎక్కువగా ఆగేది అక్కడే. బదిలీ అయితే పాత నాలుగేళ్లు కూడా మీ సర్వీసులో కలుస్తాయి. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండక ముందు తీసుకుంటే ఆ డబ్బు మీద పన్ను పడుతుంది.

ఆ లక్షా ఎనభై వేలను 58వ ఏటి దాకా కదపకుండా ఉంచి, ఏటా 8.25 శాతమే వచ్చిందనుకుంటే ఇరవై రెండు లక్షలు దాటుతుంది. ఈ రేటు ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1990లలో 12 శాతం ఉండేది, 2021-22లో 8.1కి తగ్గింది. కొంచెం తగ్గినా మీకు దక్కేది పెద్ద మొత్తమే.

అమ్మ మాటను మాత్రం కొట్టిపారేయకండి. ఆవిడ తరంలో ఆడవాళ్లకు తమ చేతిలో, తమ ఇష్టం మీద ఉన్న ఆస్తి బంగారం ఒక్కటే. జూన్ నెలలో పిల్లల ఫీజుల కోసం గాజులు పట్టుకుని మా బ్రాంచికి వచ్చిన తల్లులను చూశాను. అరగంటలో డబ్బు చేతికందేది, ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండేది కాదు. ఆ ధైర్యం కూతురికి కూడా ఉండాలన్నది ఆవిడ కోరిక. కాబట్టి బంగారం కొనండి, కానీ నెల జీతంలోంచి కొంచెం కొంచెంగా కొనండి. పెట్టుకునే నగ కావాలంటే నగ తీసుకోండి. దాచుకోవడానికైతే నాణెం చాలు. నగ మీద తరుగు, మజూరీ, జీఎస్టీ కడతారు. అమ్మబోతే ఆ మూడూ వెనక్కి రావు. పెళ్లి ఖర్చుల కోసం విడిగా రికరింగ్ డిపాజిట్ (నెలనెలా బ్యాంకులో వేసే పొదుపు) పెట్టుకోండి. రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బుకు అంతకుమించిన తెలివితేటలు అక్కర్లేదు.

ప్రశ్న: విజయవాడ. నాకు 23 ఏళ్లు. ఒక గ్రూపులో వచ్చే కాల్స్ (ఏది ఎప్పుడు కొనాలో చెప్పే సూచనలు) చూసి ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర ఎటు పోతుందన్న దాని మీద పందెం లాంటి ఒప్పందాలు) చేశాను. అరవై వేలు పోయాయి, అందులో నలభై వేలు క్రెడిట్ కార్డువి. ఇంకో లక్ష సర్దితే ఒక్క మంచి ట్రేడ్‌తో అంతా తిరిగి వస్తుందని గ్రూపు నడిపే ఆయన అంటున్నాడు. ఇంట్లో తెలియదు.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఆ లక్ష సర్దకండి. ఈ రోజే ఆపేయండి.

2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెల్లడించిన లెక్క ఇది: 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి సుమారు రెండు లక్షలు. అందరిదీ కలిపి లక్షా ఎనభై వేల కోట్లకు పైనే. మీకు జరిగింది మీ ఒక్కరి తెలివితక్కువతనం అనుకుని సిగ్గుపడకండి. సిగ్గే మిమ్మల్ని ఆ లక్ష దగ్గరకు నెడుతోంది. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆయన పేరు సెబీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో వెతికి చూడండి.

కార్డు మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది, అది జనగామ బాబు కడుతున్న రెండు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువ. బ్యాంకుకు ఫోన్ చేసి ఆ నలభై వేలను ఈఎంఐ కింద మార్చమనండి. ఇంట్లో నాన్నకో అక్కకో, మీకు చనువున్నవాళ్లకు ఈ వారంలోనే చెప్పండి. అరవై వేలు ఏడాదిలో తేరుకోగలిగిన దెబ్బ. దాచిపెడితే అది ఎంత దాకా పోతుందో రుణాల సీట్లో కూర్చుని చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: ఒంగోలులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. 25 ఏళ్లు. జీతం 22 వేలు, పీఎఫ్ లేదు. నెలకు మూడు వేలు పక్కన పెట్టగలను. నాన్న ఎండోమెంట్ పాలసీ (బీమాతో పాటు పొదుపు కూడా ఉండేది) తీసుకోమంటున్నారు. ఇండెక్స్ ఫండ్ మంచిదని చదివాను. కానీ మా మేనమామ షేర్లలో బాగా నష్టపోయారు, మార్కెట్ పడిపోతే అంతా పోతుందేమోనని భయం.
— ఒంగోలు పాఠకురాలు

జవాబు: మన దగ్గర చాలా ఇళ్లలో షేర్లంటే ఉన్న భయానికి ఒక తేదీ ఉంది, 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం ఉందని సంస్థ ఛైర్మనే ఒప్పుకున్న రోజు. ముందు రోజు రూ.179 దగ్గర ఉన్న షేరు ఆ ఒక్కరోజులో రూ.40 దగ్గరకు పడింది. మన హైదరాబాద్ కంపెనీ, మనవాళ్లు పనిచేసే కంపెనీ అని ఉన్నదంతా అందులోనే పెట్టినవాళ్లు కోలుకోలేకపోయారు. మీ మేనమామగారి నష్టం అప్పటిదో కాదో మీరు రాయలేదు. ఏదైనా ఒకటి రెండు కంపెనీల్లో పెట్టడం వల్ల వచ్చిందే అయ్యుంటుందని నా ఊహ.

సత్యం అప్పుడు నిఫ్టీ సూచీలో కూడా ఉండేది. దాన్ని తీసేసి మరో కంపెనీని చేర్చారు. నిఫ్టీ అంటే యాభై పెద్ద కంపెనీలు. ఇండెక్స్ ఫండ్ మీ డబ్బును ఆ యాభైలోనూ వాటి పరిమాణాన్ని బట్టి పెడుతుంది, సూచీ మారితే తనూ మారుతుంది. అందులో ఒక కంపెనీ మునిగినా మీ డబ్బులో మునిగేది ఆ ఒక్క వాటానే.

మార్కెట్ మొత్తం పడిపోతే ఏమిటన్న మీ భయానికి మాత్రం ఆధారం ఉంది. 2008 జనవరిలో 6,300 దగ్గర ఉన్న నిఫ్టీ అదే ఏడాది అక్టోబరులో 2,600 కన్నా దిగువకు పోయింది. మళ్లీ 6,300 దాటి అక్కడ నిలదొక్కుకునేసరికి 2014 వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు జనవరిలో 12,300 పైన ఉన్నది మార్చి 23న 7,610కి పడి, ఆ ఏడాది ముగిసేలోపే 13,900 దాటింది. కోలుకోవడానికి ఒకసారి దాదాపు ఆరేళ్లు, ఇంకోసారి కొన్ని నెలలు పట్టింది. మూడోసారి ఎంత పడుతుందో చెప్పగలిగేవాళ్లు లేరు. కాబట్టి వచ్చే ఆరేడేళ్లలో కావాల్సిన డబ్బు ఒక్క రూపాయి కూడా అందులో పెట్టకండి. ఇరవై, ముప్ఫై ఏళ్ల డబ్బే పెట్టండి.

మీ మూడు వేలకు వద్దాం. మే నెల జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్లు చాలా ఉన్నాయి. మీ స్కూలు ఇస్తుందో లేదో గానీ, మొదటి ఏడాది మూడు వేలూ రికరింగ్ డిపాజిట్‌లోకే పోనివ్వండి. జీతం రాని నెల మిమ్మల్ని ఆదుకునేది అదే. అది లేకుండా ఫండ్‌లో పెడితే మొదటి వేసవికే తీసేయాల్సి వస్తుంది.

రెండో ఏడాది నుంచి 1,500 పీపీఎఫ్‌లో (ఉద్యోగంతో సంబంధం లేకుండా ఎవరైనా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా), 1,500 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం ఉంది, దాని మీద పన్ను లేదు. నెలలో ఐదో తేదీలోపు వేస్తేనే ఆ నెల వడ్డీ కలుస్తుంది. గడువు పదిహేనేళ్లు, మధ్యలో తీయడానికి పరిమితులున్నాయి. అందరూ దాన్ని లోపం అంటారు. నాకు అదే అందులో నచ్చే గుణం. అన్నయ్య వ్యాపారానికో బంధువుల అవసరానికో అడిగినప్పుడు, ఇప్పుడు తీయడానికి వీల్లేదని మీరు నిజమే చెప్పవచ్చు. ఆడపిల్ల పేరున ఉన్న డిపాజిట్లు అన్నిటికన్నా ముందు రద్దవడం నేను కౌంటరు అవతల నుంచి చూశాను. అప్పుల కోసం పీపీఎఫ్ డబ్బును కోర్టు కూడా జప్తు చేయదు.

ఫండ్‌లో నెలకు 1,500 చొప్పున, ఏటా 10 శాతం పెరిగిందనుకుంటే ఇరవై ఏళ్లకు పదకొండు లక్షల చిల్లర అవుతుంది. ముప్ఫై ఏళ్లకైతే దాదాపు 34 లక్షలు. చివరి పదేళ్లే ఎక్కువ తెస్తాయి, మధ్యలో తీస్తే పోయేది ఆ పదేళ్లే. ఇంకో లెక్క మీకు ఎవరూ చెప్పి ఉండరు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ముప్ఫై ఏళ్ల తర్వాతి 34 లక్షలు నేటి ఆరు లక్షలతో సమానం. 1,500 దగ్గరే ఆగిపోతే చాలదు. జీతం పెరిగినప్పుడల్లా ఏటా పది శాతం చొప్పున దాన్ని పెంచుకుంటూ పోతే అదే లెక్కలో 95 లక్షలవుతుంది, అప్పుడు నేటి విలువలో కూడా చెప్పుకోదగ్గ మొత్తం.

ఫండ్ తీసుకునేటప్పుడు డైరెక్ట్ ప్లాన్ అని చూసి తీసుకోండి. 2013 జనవరి నుంచి ఇవి ఉన్నాయి, మధ్యవర్తి కమీషన్ ఉండదు. ఖర్చు ఏటా ఒక్క శాతం ఎక్కువైతే మీ ముప్ఫై ఏళ్ల 34 లక్షలు 27 లక్షల చిల్లరకు తగ్గుతుంది.

ఎండోమెంట్ మీద రాబడి సాధారణంగా ఐదారు శాతం దాటదు. మీ జీతం మీద అమ్మానాన్నలు ఆధారపడి ఉంటే తక్కువ ప్రీమియంతో టర్మ్ పాలసీ (పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే బీమా) ఒకటి తీసుకోండి. ఎవరూ ఆధారపడి లేకపోతే ఇప్పుడు అదీ అక్కర్లేదు. నాన్నగారు మీ మంచి కోరి చెబుతున్నారు, పీపీఎఫ్ పాసుపుస్తకం తెచ్చి చూపిస్తే ఆయన భయం చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. 29 ఏళ్లు, హెచ్1బీ. నేను 401కె ఖాతాలో (అమెరికాలో ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) వేసినంత, జీతంలో కొంత శాతం దాకా, కంపెనీ కూడా కలుపుతుంది. అది ఆపి షాద్‌నగర్ వైపు పది గుంటల ఫామ్ ప్లాట్ నా పేరున కొనమని బావగారు పట్టుబడుతున్నారు.
— డాలస్ పాఠకుడు

జవాబు: మీ పేరున అది కుదరదు. ఎన్నారైలు మన దేశంలో ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. ఫామ్ ప్లాట్ అని గుంటల లెక్కన అమ్మేది చాలావరకు కాగితం మీద వ్యవసాయ భూమే. నాన్నగారి పేరున కొంటే అది ఆయన ఆస్తి అవుతుంది, రేపు అన్నదమ్ముల పంపకాల్లోకి వస్తుంది. ఆ ఉద్దేశంతోనే కొనాలనుకుంటే అది వేరే సంగతి, అప్పుడు తోబుట్టువులందరికీ ముందే చెప్పండి. ఇంటి స్థలమే కావాలంటే లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు రెండూ చూసి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) లాయరుతో చదివించాకే అడ్వాన్సు ఇవ్వండి.

కంపెనీ కలిపేదంతా వచ్చేదాకా 401కె ఆపకండి. వేసిన రోజే రెట్టింపయ్యే డబ్బు ఇంకెక్కడా దొరకదు. యాభై తొమ్మిదిన్నరేళ్ల లోపు తీస్తే పన్నుతో పాటు సాధారణంగా పది శాతం జరిమానా పడుతుంది కాబట్టి ఇంటి అవసరాలకు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇండియాకు తిరిగి వచ్చేసినా ఆ ఖాతాను అక్కడే ఉంచుకోవచ్చు. అక్కడ ఉంటూ ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొనడం వల్ల అమెరికా పన్ను లెక్కలు బాగా చిక్కుపడతాయి, అక్కడి ఇండెక్స్ ఫండ్లే మీకు మేలు. ఎన్నారైలు కొత్తగా పీపీఎఫ్ కూడా తెరవలేరు.

ప్రశ్న: ఈ మధ్యే పెళ్లయింది. పీఎఫ్, ఫండ్లలో అన్నిచోట్లా నామినీగా నాన్న పేరే ఉంది. మార్చాలా?
— ఖమ్మం పాఠకుడు

జవాబు: అన్నిచోట్లా చూసుకుని మార్చండి. పీఎఫ్‌కు పోర్టల్‌లోనే ఈ-నామినేషన్ ఉంది, భార్య ఫోటో, ఆధార్ ఉంటే చాలు. ఫండ్లలో ఒకరికన్నా ఎక్కువమందిని పెట్టి ఎవరికి ఎంత శాతమో రాయవచ్చు కాబట్టి అమ్మానాన్నల పేర్లు పూర్తిగా తీసేయాల్సిన పనిలేదు. బ్యాంకు ఖాతా, డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా), ఇన్సూరెన్స్ పాలసీలు వేటికవే విడిగా మార్చాలి, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారదు. యూఏఎన్, ఫండ్ల ఫోలియో (ఖాతా) నంబర్లు, పాలసీ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి, అది ఏ బీరువాలో ఉందో భార్యకు చెప్పండి. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకండి.